జానెడు తక్కువైన చెట్టు

ఆఫీసులో ఆయన్ని చుక్కలాయన అంటారు. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని చుక్కలు చూస్తుంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. చుక్కలంటే ఆకాశంలో చుక్కలనుకునేరు. ఇవి చెట్ల చుక్కలు.

అదేంటంటే, విమానం ఒకటి అడవి మీదుగా ఎగురుతూ కిందికి లేజరు కిరణాలు వదులుతుంది. ఆకుకి తగిలింది ఆకు దగ్గర్నుంచే వెనక్కి వస్తుంది. కొమ్మకి తగిలింది కొమ్మ దగ్గర్నుంచి. ఎక్కడో సందు దొరికి కిందిదాకా జారింది నేల దగ్గర్నుంచి. వెనక్కొచ్చిన ప్రతి కిరణానికీ కంప్యూటర్లో ఒక చుక్క పడుతుంది. అన్నిటికన్నా అడుగునున్న చుక్కల్ని కలిపితే నేల, అన్నిటికన్నా పైనున్నవి చెట్ల తలలు. తల ఎత్తులోంచి సరిగ్గా దాని కిందున్న నేల ఎత్తు తీసేస్తే చెట్టు ఎంత పొడుగో వచ్చేస్తుంది. చెప్పుకుంటే విద్య ఇంతే. ఆ కోట్ల చుక్కల్లో అసలైన చెట్టుని పట్టుకోబోతే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది.

ఎందుకు పట్టుకోవాలంటారా? ఆ అడవులకి ఒక చట్టం ఉంది. ఎనభై మీటర్లు, ఆ పైన ఉన్న చెట్టుని ఎవరూ ముట్టుకోకూడదు. దాని చుట్టూ ఉన్న అడవికి కూడా గిరి గీసి వదిలెయ్యాలి. ఎనభైకి వేలెడు తగ్గినా సరే, ఇక అది కలప కిందే లెక్క. అందుకని కలపవాళ్లు అడవిలో ఏ ముక్కలో రంపం పెట్టబోయినా ముందు ఆ ముక్క చుక్కలు చుక్కలాయన బల్ల మీదికి రావాలి. ఎనభై దాటిందనిపించిన చెట్టు ఉంటే ఆయన చెప్పాలి. ఆయన చెప్పాక ఒక మనిషి వెళ్లి, ఆ చెట్టెక్కి, కొన నుంచి టేపు వదిలి కొలవాలి. టేపు మాటే చివరి మాట.

చేరిన కొత్తలో ఒకసారి పప్పులో కాలేశాడు. నూట ఇరవై మీటర్ల చెట్టు దొరికిందని పెద్దసారు గదిలోకి పరిగెత్తాడు. తీరా చూస్తే అది పక్షి. దాని మానాన అది విమానం కింద ఎగురుతుంటే పాపం కిరణం తగిలింది. ఆఫీసంతా ఏళ్ల తరబడి పొట్టచెక్కలయ్యేలా నవ్వుకుంది. "ఏమండీ, ఇవాళ చెట్లేమైనా ఎగిరాయా?" అని మెట్ల మీద ఎదురుపడితే అడిగేవాళ్లు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. పాతవాళ్లంతా రిటైరైపోయారు, కొత్తవాళ్లకి ఆ సంగతే తెలీదు. ఆయనకి ఒక్కోసారి, ఎవరైనా ఆ పక్షిని గుర్తుచేసి తనని నాలుగు మాటలు అంటే బావుండునని ఉంటుంది.

ఆయన గది పై అంతస్తులో, మెట్లు అయిపోయిన చోట. ఒక బల్ల, ఒక కుర్చీ, కార్లు నిలిపే స్థలం వైపు ఒక కిటికీ. ఆ కిటికీలోంచి ఒక్క చెట్టయినా కనపడదు. నవ్వొస్తుంది కదా. అంతకన్నా నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. ఇన్నేళ్లుగా చెట్లు వెతుకుతున్న ఈ మనిషి అడవిలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. చెట్ల తలలు చూశాడు గానీ కాళ్లు చూడలేదు.

ఇంట్లోనూ ఉలుకూ పలుకూ లేదు. భార్య పోయి చాలా కాలమైంది. ఆమె సంగతి కొంచెం చెప్పుకోవాలి.

చుక్కలాయన పొట్టి. మరీ అంత కాదుగానీ, బస్సులో పైన వేలాడే పట్టీ అందుకోవాలంటే మునివేళ్ల మీద నిలబడాలి. ఆమె పొడుగు. వాళ్లింట్లో అందరూ అంతే, ఏ గుమ్మంలోకి వెళ్లినా తల వంచుకునే వెళ్తారు. పెళ్లి ఫోటోలో ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి ఈయన్ని పక్కన నిలబెట్టారు, తేడా తెలియకుండా. వీధిలో ఆమెకి నిచ్చెనమ్మ అని పేరు పెట్టారు. "మీకేం సార్, బల్బు మార్చాలంటే స్టూలు కూడా అక్కర్లేదు" అని ఈయన్ని ఆటపట్టించేవాళ్లు. ఈయన నవ్వేసేవాడు. నవ్వేవాడే గానీ లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఎంత దాచుకున్నా ఆమె అది కనిపెట్టేసింది.

కనిపెట్టి ఏం చేసిందయ్యా అంటే, వంగడం మొదలుపెట్టింది. పక్కన నడిచేటప్పుడు భుజాలు ముడుచుకుని, మెడ వాల్చి, ఈయన వైపు ఒరిగి నడిచేది. నలుగురిలో ఉంటే కుర్చీ వెతుక్కుని ముందే కూర్చునేది. మొదట్లో బయటికెళ్లినప్పుడే వంగేది, పోనుపోను ఇంట్లో కూడా అదే అలవాటైపోయింది. ఆమెని వంగమని ఎవరూ చెప్పలేదు. వద్దని చెప్పాల్సిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడికీ అది హాయిగా ఉండేది. అందుకని ఆయన నోరు విప్పలేదు.

వంటగదిలో అన్నిటికన్నా పై అర ఆమెది. చెయ్యి చాపితే చాలు ఆమెకి అందేది. టీ పొడి డబ్బా, ఇంకా ఏవేవో సీసాలు అక్కడే పెట్టుకునేది. ఆమె పోయాక చుక్కలాయన ఆ అర జోలికి పోలేదు. స్టూలు వేసుకుంటే అందుతుంది, అదేం బ్రహ్మవిద్య కాదు. కానీ వేసుకోలేదు. టీ పొడి కొత్త పొట్లం కొనుక్కొచ్చి స్టవ్ పక్కన పెట్టుకున్నాడు. పై డబ్బా పైనే ఉండిపోయింది.

ఇక మిగిలింది బావమరిది. ఆమె తమ్ముడు. చెట్లెక్కి టేపు వదిలే మనిషి అతనే. ఆమె బతికున్న రోజుల్లో కొలత ముగించుకుని ఊళ్లోకి రాగానే నేరుగా వీళ్లింటికే వచ్చేవాడు. వంటగదిలో అక్కాతమ్ముళ్లిద్దరూ నిలబడితే మధ్యలో చుక్కలాయనకి గాలాడేది కాదు. "బావా, నువ్వు చెప్పిన చెట్టు ఎక్కాను. దాని మీద నుంచి చూస్తే మీ ఆఫీసు కనపడింది, నువ్వు మాత్రం కనపడలేదు" అని ఏడిపించేవాడు. "నువ్వు కొలిచేదేముందిరా, అంత పొడుగున్నావు, చెట్టు పక్కన నిలబడితే సరిపోదూ" అని ఈయన అంటించేవాడు. ఆమె పడీపడీ నవ్వేది.

ఆమె పోయాక అతను రావడం మానేశాడు. గొడవేం పడలేదు. పడినా బావుండేది, గొడవైతే ఎప్పుడో ఒకప్పుడు రాజీ కుదురుతుంది. వచ్చి ఎవరితో ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు, అంతే. చుక్కలాయన చెట్టు ఉన్న చోటు పంపుతాడు, అతను కొలత పంపుతాడు. సందేశంలో అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఆ అంకెనే చుక్కలాయన రెండు మూడుసార్లు చదువుకుంటాడు.

ఇలా రోజులు వెళ్లదీస్తుండగా ఒక కొత్త ముక్క చుక్కలు బల్ల మీదికొచ్చాయి. ఆ ఏడాది నరకబోయే ముక్క అది. నిట్టనిలువు వాలు, కింద లోతైన వాగు. ప్రోగ్రాం ఒక చెట్టు దగ్గర ఎనభై ఆరు చూపించింది. చుక్కలాయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. కరెంటు స్తంభం కాదు, పక్షి అసలే కాదు. నిజమైన చెట్టే. ఆ ముక్కని ఇటూ అటూ తిప్పి, పక్క నుంచి చూశాడు. చెట్టు నిటారుగా లేదు. మొదలు గట్టు మీద ఉంది, తల మాత్రం వాగు మీదికి బాగా ఒరిగిపోయింది.

అదిగో, అక్కడే ఉంది తిరకాసు. ప్రోగ్రాంకి తల కింద ఏ నేల ఉంటే ఆ నేలే లెక్క. తల వాగు మీదుంటే వాగు అడుగు నుంచి కొలిచేస్తుంది. చెట్టేమో గట్టు మీద నుంచి లేచింది. గట్టుకీ వాగుకీ మధ్యనున్న లోతంతా చెట్టు ఖాతాలో పడిపోయింది. చుక్కలాయన ఆ లోతు తీసేసి మళ్లీ లెక్కేశాడు. ఎనభైకి కాస్త ఇటు వచ్చింది. ఇంకో రకంగా వేస్తే కాస్త అటు వచ్చింది. పైగా చెట్టు చిట్టచివరి కొమ్మ పుల్లంత సన్నగా ఉంటుంది, కిరణాలు దాన్ని తప్పించుకుని పోతాయి. ఆ కొన ఎంతో చుక్కలకి తెలీదు. టేపు వేస్తేగానీ తేలదు.

కంప్యూటరు తెర మీద ఆ చెట్టు అలా ఒరిగి నిలబడి ఉంటే చుక్కలాయనకి భార్య గుర్తొచ్చింది. ఆమె కూడా సరిగ్గా అలాగే, మొదలు ఒక చోట, తల ఇంకో చోట. ఆ రోజంతా ఇంకో పని చెయ్యలేదు. దీన్ని నరకనివ్వకూడదని మనసులో గట్టిగా అనేసుకున్నాడు. చెట్ల విషయంలో ఆయన అలా అనుకోవడం అదే మొదటిసారి.

కొలతకి ఇద్దరు మనుషులు కావాలి. పైన ఒకరు, కింద ఒకరు. కింద ఉండే మనిషి కాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. కలపవాళ్లు ఆగేలా లేరు. పెద్దసారు తల గోక్కుని, "మీరే వెళ్లరాదూ? లెక్క తెలిసినవాళ్లు ఇంకెవరున్నారు" అన్నాడు.

చుక్కలాయనకి అడవంటే భయం, వాలంటే ఇంకా భయం. అయినా తల ఊపాడు. చెట్టు కోసమే అని తనకి తాను చెప్పుకున్నాడు. నిజానికి చెట్టుతోపాటు ఇంకో ఆశ కూడా ఉంది. బావమరిదితో జీపులో పక్కపక్కన కూర్చోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు ఇంటికి రమ్మనొచ్చు. ఆ మాట ఎలా అడగాలో ముందురోజు బట్టలు సర్దుకుంటూ పైకే అని చూసుకున్నాడు.

జీపులో అతను స్టీరింగు మీదికి వంగి నడుపుతున్నాడు, తల పైకప్పుకి తగలకుండా. చాలాసేపు ఇద్దరూ రోడ్డునే చూశారు.

"ఒంట్లో బావుంటోందా బావా?" అన్నాడు చివరికి.

"ఆ, బానే ఉంటోంది. నీకు?"

"బానే ఉంది."

మళ్లీ రోడ్డు. అంత పొడుగు దారికి ఆ ముక్కలతోనే సరిపెట్టుకున్నారు. దారి పక్కన ఆపి టీ తాగినప్పుడు మాత్రం అతను, "నువ్వు చక్కెర రెండు చెంచాలు కదూ" అంటూ జవాబు కోసం ఆగకుండానే వేశాడు. చుక్కలాయనకి ఆ గ్లాసు కింద పెట్టబుద్ధి కాలేదు.

జీపు ఆగిన చోటు నుంచి నడక. చుక్కలాయన ఎన్నిసార్లు కూలబడ్డాడో చెబితే బాగుండదు. ఆయాసంతో ప్రాణం కళ్లలోకొచ్చింది. చెట్టు దగ్గరికి చేరాక ముందు అది చెట్టనుకోలేదు, గోడ అనుకున్నాడు. తరవాత తల ఎత్తాడు. ఎత్తుతూనే ఉన్నాడు, వెనక్కి పడబోతే బావమరిది వీపు మీద చెయ్యేసి ఆపాడు.

"ఇదేనా నువ్వు పట్టుకున్నది?" అన్నాడు.

"ఇదే."

"బాగా ఒరిగింది బావా."

"చూశాను."

చెట్టు బెరడు మీద అరచెయ్యి ఆనించాడు చుక్కలాయన. ఇన్నేళ్లలో ఆయన ముట్టుకున్న మొదటి చుక్క అది. వెచ్చగా, గరుగ్గా ఉంది.

అతను పెద్ద ఉండేలుతో సన్నటి దారాన్ని కొమ్మ మీదుగా కొట్టి, దాంతో తాడు పైకి లాగి, నడుముకి పట్టీలు బిగించి ఎక్కడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి బూట్లు మాత్రమే కనపడ్డాయి, ఇంకొంతసేపటికి అవి కూడా ఆకుల్లో కలిసిపోయాయి. చుక్కలాయన చేతిలో వాకీటాకీ మిగిలింది.

ఆలోగా కింద ఆయన పని ఆయనకుంది. కొలత ఎక్కడినుంచి మొదలవ్వాలో తేల్చేది కిందివాడే. చెట్టు మొదట్లో ఏనాటినుంచో రాలిన బెరడూ ఆకులూ కుప్ప పడి ఉంటాయి, వాటిని తవ్వి అసలు నేల పట్టుకోవాలి. నేల ఎంత కిందుంటే చెట్టు అంత పొడుగవుతుంది. చుక్కలాయన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా తవ్వాడు. ఇంకొంచెం, ఇంకొంచెం కిందికి పోవాలని ఆశ. గోళ్లలోకి మన్ను పోయింది. తడి మట్టి తగిలింది, దాని కింద చెట్టు వేళ్లు. అదే నేల. ఇంక తవ్వితే అది మోసం. అక్కడ ఒక మేకు పాతాడు.

"బావా, ఇంక పైకి పోలేను. కాండం నా మణికట్టంత అయింది. టేపు వదులుతున్నాను."

టేపు సున్నా గీత పైన అతని చేతిలో ఉంటుంది, చివర బరువు కట్టి ఉంటుంది. అది ఆకుల్లోంచి జారుతూ, మొదలుకి ఎంతో దూరంగా, వాగులోకి దిగింది. చుక్కలాయన దాని వెనకాలే పాక్కుంటూ దిగి, పొదలో చిక్కుకున్న టేపుని విడిపించాడు. బరువు వాగు అడుగున రాయికి తాకింది. అక్కడ టేపు మీద ఉన్న అంకె చూశాడు. పైనున్న కొన కూడా కలిపితే ఎనభై ఆరు అవుతుంది. ప్రోగ్రాం అబద్ధమేం చెప్పలేదు. అడిగిన చోటు నుంచి కొలిచి చెప్పింది.

నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఆయన కాసేపు నిలబడిపోయాడు. ఈ అంకె చెప్పేస్తే పనైపోతుంది. పైనున్న బావమరిదికి కిందిది కనపడదు. పెద్దసారు వచ్చి చూడడు. చెట్టు బతుకుతుంది. మీరూ నేనూ అయితే బహుశా చెప్పేసేవాళ్లమే. ఆయన మళ్లీ గట్టెక్కాడు.

మేకు పక్కన మూడుకాళ్ల స్టాండు మీద మట్టం చూసే దుర్భిణి బిగించాడు. బుడగ మధ్యకి వచ్చేదాకా మరలు తిప్పి, వాగు మీద వేలాడుతున్న టేపుని దాంట్లోంచి చూశాడు. దుర్భిణి మట్టానికి టేపు మీద ఏ గీత ఉందో చదివాడు. దానికి దుర్భిణి ఎత్తు కలిపాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివి, మళ్లీ కలిపాడు.

"ఎంతొచ్చింది బావా?" అని వాకీటాకీ అడిగింది.

"నీ చెయ్యి దగ్గరికి, ఎనభైకి మీటరున్నర తక్కువ."

ఇంక మిగిలింది కర్ర. ఎక్కేవాడు ఆగిపోయిన చోటినుంచి చెట్టు కొసదాకా గీతలున్న కర్ర చాపి, ఆ కొసరు ఎంతో చెప్పాలి. అది అతను చెప్పిందే లెక్క. కింద నుంచి చూసేందుకు ఏమీ ఉండదు.

వాకీటాకీలో గాలి చప్పుడు వినపడింది. కాసేపటికి అతను, "అయితే కర్ర మీటరున్నర వస్తే సరిపోతుంది" అన్నాడు.

"ఆ."

"వచ్చిందనుకో."

"వచ్చిందా?"

చుక్కలాయన వాకీటాకీని చెవికి ఆనించుకున్నాడు.

"బావా, ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. ఎంత చెప్పమంటావో చెప్పు, అంత చెప్తాను. ఇక్కణ్నుంచి చూస్తుంటే దీన్ని నరుకుతారంటే నా వల్ల కావట్లేదు."

అడిగింది చిన్న మాటే. చుక్కలాయన మేకు పక్కన చతికిలబడ్డాడు. ఆయనకి ఆ చెట్టు కావాలి. ఆ పిల్లాడు, నెరిసిన జుట్టుతో పైన వేలాడుతున్న ఆ పిల్లాడు కూడా కావాలి. ఊ అంటే రెండూ దక్కుతాయి, జీపులో ఇద్దరూ నవ్వుకుంటూ పోవచ్చు. కానీ ఆయన కళ్లముందు నిచ్చెనమ్మ నడుస్తోంది, భుజాలు ముడుచుకుని, మెడ వాల్చుకుని. తన కోసం ఒక మనిషి బతుకంతా ఉన్నదానికన్నా తక్కువ కనపడింది. దాన్ని చూస్తూ ఊరుకున్నాడు. ఇప్పుడు తన కోసమే ఒక చెట్టుని ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పమంటే ఎలా చెప్పమంటాడు? ఒక్కరినైనా, ఒక్కసారైనా, ఉన్నది ఉన్నట్టు చూడాలనిపించింది.

"ఉన్నంత చెప్పరా" అన్నాడు.

"మీటరు ముప్పై."

జానెడు తక్కువ. చుక్కలాయన ఆ అంకె రాసుకున్నాడు.

అతను దిగాడు, తాడు చుట్టాడు, పట్టీలు సంచిలో కుక్కాడు. ఈసారి దారిలో టీ దగ్గర ఆపలేదు. ఇంటి ముందు జీపు ఆగితే, ముందురోజు బట్టీ పట్టిన మాట చుక్కలాయన ఎలాగో బయటికి లాగాడు.

"లోపలికి రారా, టీ తాగి పోదువుగాని."

అతను స్టీరింగునే చూస్తున్నాడు. "ఆ జానెడు చెప్పేస్తే నీ సొమ్మేం పోయేది బావా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలిసిపోయినట్టు అన్నాడు. జీపు వెళ్లిపోయింది. చుక్కలాయన తాళం తీసుకుని లోపలికెళ్లి, లైటు వేసుకోకుండా కుర్చీలో కూర్చున్నాడు.

తరవాత ఏం జరగాలో అదే జరిగింది. కాగితం మీద సంతకాలయ్యాయి, ముక్క కలపవాళ్ల చేతికి పోయింది. బావమరిది దగ్గర్నుంచి సందేశాలు ఆగిపోయాయి, కొలవడానికి చెట్లు లేవు మరి. చుక్కలాయన ఆఫీసుకి వెళ్లొస్తూనే ఉన్నాడు. కొన్నిసార్లు వాకీటాకీలో ఆ గాలి చప్పుడు వినపడినట్టుండి తల ఎత్తేవాడు. కిటికీలో కార్లు కనపడేవి.

నరకడం అయ్యాక విమానం మళ్లీ ఎగురుతుంది, ఎంత నరికారో లెక్క చూడటానికి. ఆ చుక్కలు కూడా ఆయన బల్ల మీదికే వచ్చాయి. వాగు గట్టు ఎక్కడుందో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. తిప్పి చూశాడు. అంతకుముందు ఆకుల్లో, కొమ్మల్లో ఆగిపోయిన కిరణాలన్నీ ఈసారి అడ్డం లేకుండా నేలదాకా పోయాయి. చుక్కలన్నీ నేల మీదే ఉన్నాయి, వరసగా, శుభ్రంగా. నేల ఇంత బాగా పడిన చుక్కలు ఆయన ఎప్పుడూ చూడలేదు. బల్ల మీద మోచేతులానించి ఏడ్చాడు. అటుగా వచ్చిన పెద్దసారు గుమ్మంలో ఆగి, "కళ్లకి కాస్త విశ్రాంతి ఇవ్వండి, ఆ తెర అదే పనిగా చూస్తే మంచిది కాదు" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే బావమరిది. గుమ్మం ఎత్తుగానే ఉన్నా అలవాటుకొద్దీ తల వంచుకుని లోపలికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా వంటగదిలోకి వెళ్లి, అక్క ఉన్నప్పుడు నిలబడే చోటే నిలబడ్డాడు.

"నరికే రోజు వెళ్లాను" అన్నాడు.

చుక్కలాయన గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ వెలిగించాడు.

"పడ్డాక కొలిచాను బావా. నా టేపుతోనే. మొదలు నుంచి కొసదాకా, పక్కనే నడుచుకుంటూ పోయి కొలిచాను. ఎనభై రెండు ఉంది."

లెక్క తప్పేం కాదు, ఇద్దరికీ తెలుసు. ఒరిగిన చెట్టు ఒరిగినంత కాలం పొట్టిగానే ఉంటుంది. పడుకోబెడితే దాని అసలు పొడుగు వస్తుంది. చట్టానికి నిలబడ్డ ఎత్తే లెక్క.

"ఇంకెవరికి చెప్పినా, అయితే ఏంటి అంటారు" అన్నాడు బావమరిది. "నీకు చెప్పాలనిపించింది."

"మీ అక్కని కూడా పడుకోబెట్టాకే చూశానురా" అన్నాడు చుక్కలాయన, స్టవ్ వైపు తిరిగే. "ఆసుపత్రిలో ఆ మంచం చాల్లేదు. పాదాలు బయటికొచ్చేశాయి. ఎవరీమె ఇంత పొడుగుంది అనుకున్నాను. అన్నేళ్లు కాపరం చేసి."

నీళ్లు సలసలా కాగడం మొదలైంది. బావమరిది మొహం పక్కకి తిప్పుకుని, టీ పొడి కోసం చెయ్యి పైకి చాపాడు. అక్క పెట్టే చోటే తెలుసు అతనికి, స్టవ్ పక్కనున్న పొట్లం చూడలేదు. చెయ్యి సాఫీగా పై అరలోకి వెళ్లింది, డబ్బా దిగింది. మూత మీద దుమ్ము అట్టకట్టి ఉంది. తీసి వాసన చూశాడు. వాసన పోయింది. అయినా సరే అన్నట్టు డబ్బా బావకి అందించాడు. అందిస్తూ భుజాలు ముడిచాడు, మెడ వాల్చాడు, చుక్కలాయన మొహం ఎత్తుకి ఒరిగి నిలబడ్డాడు. అచ్చం ఆమె లాగే.

"వంగకురా" అన్నాడు చుక్కలాయన.

"ఏంటి బావా?"

"నా పక్కన నిలబడితే వంగొద్దు. నిటారుగా నిలబడు."

అతనికి మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. మెల్లగా భుజాలు విప్పాడు, మెడ ఎత్తాడు. తల బల్బు దాకా వెళ్లింది. చుక్కలాయన డబ్బా రెండు చేతులా పట్టుకుని, తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"నీళ్లు ఇగిరిపోతున్నాయి బావా" అన్నాడు బావమరిది కాసేపటికి. కానీ వంగలేదు.